వాన కింద మాట

మే నెల. గుంటూరులో కాకి కూడా
నోరు తెరుచుక్కూర్చునే రోజులు.
రాత్రయితే నా చెవిలో మాత్రం వాన.

పక్క వాటా కెజియా పంపింది ఫోనులోకి, బీకాం పిల్ల.
"అత్తా, ఈ వాన చప్పుడు కింద ఒక గొంతు ఉంటది.
నీకు వినపడదు. నీ లోపలదానికి వినపడుద్ది.
ఇరవయ్యొక్క రాత్రులు పెట్టుకుని పడుకో."
ఏం చెప్పుద్దే అది, అంటే చదివి వినిపించింది:
గణితం నాకు సహజం. సంఖ్యలు నా మిత్రులు.
నేను సమృద్ధికి అర్హురాలిని.
నవ్వాగలేదు నాకు.
మా దగ్గర సమృద్ధి గోతాల్లో వచ్చుద్ది.
మూతి విప్పితే ముగ్గురం తుమ్ముతాం.

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
మిరపకాయలకి తొడిమలు తీస్తాను.
నాకు లెక్కలు రావు.
బడిలో నేను గట్టిగా నేర్చుకున్నది ఈ ఒక్క ముక్కే.
ఐదో తరగతిలో మాస్టారు నా పలక లాక్కుని
"సలోమీ, నీ బుర్ర ఇదీ" అని సున్నా చుట్టి
అన్ని వరసలకీ తిప్పి చూపించాడు.
ఆయన ఏ వాన కిందా దాచలేదు మాటని.
పట్టపగలు, అందరి ముందూ అన్నాడు.
అయినా నేరుగా లోపలికే పోయింది.
ఇరవయ్యొక్క రాత్రులు పట్టలేదు.

మూడో రాత్రి అనుమానం వచ్చింది.
వినపడకుండా ఇంకేదన్నా చెప్తుంటేనో?
ఆస్తి రాసిమ్మంటేనో?
రాసివ్వటానికేముంది, ఒక కుక్కరూ, ఒక కుట్టుమిషనూ.
అయినా సౌండు పెంచి, రెండు చెవులూ నొక్కిపట్టి విన్నా.
వాన. ఉత్త వాన.
పద్దెనిమిదో నిమిషంలో ఒక కప్ప అరిచింది.
మళ్ళీ ముప్పయ్యారుకి అదే కప్ప, అదే అరుపు.
అంటే చిన్న వానే, తిప్పి తిప్పి పోస్తున్నారు.
పోనీలే అనుకున్నా.
వినపడనిదాన్ని నమ్మటం నాకు కొత్తేం కాదు,
ఆదివారం ఆదివారం చేసే పనే.

పదహారో రోజో, పదిహేడో.
పొద్దుగూకి కాటా దగ్గర వరసలో నుంచున్నాం.
గుమాస్తా పానకాలు చిట్టీ చింపి చేతిలో పెట్టాడు:
ముప్పయ్యెనిమిది కిలోలు, కిలో పదకొండు,
నాలుగొందల ఎనిమిది.
ఎప్పుడూ చూడకుండా మడిచి జాకెట్లో దోపుకునేదాన్ని.
"పది తక్కువుంది" అన్నారెవరో.
వెనకున్న ఫాతింబీ నా వంక చూసింది.
ముందున్న సుబ్బాయమ్మా తిరిగి నన్నే చూసింది.
అప్పుడు తెలిసింది అన్నది నేనేనని.

పానకాలు సెల్లు తీసి నొక్కాడు. తుడిచి మళ్ళీ నొక్కాడు.
"ఎప్పట్నించే నీకు లెక్కలొచ్చింది?"

ఏం చెప్పను.
వాన నేర్పిందంటే షెడ్డంతా నవ్వుద్ది.
వాన కాదేమో కూడా.
వేళ్ళు భగభగా మండేటప్పుడు కాయలు లెక్కపెట్టుకుంటే
కాస్త మరుపొచ్చుద్ది.
నూరయితే ఒక తొడిమ పక్కన పెడతా,
పది తొడిమలయితే ఒక ఎండు కాయ.
పద్నాలుగేళ్ళుగా ఇదే పని.
దీన్నే లెక్కంటారని ఎవరూ చెప్పలా.

ఇంటికొచ్చి బియ్యం డబ్బా వెనక పాత చిట్టీలు తీశా.
మొదటిది సరిపోయింది. రెండోది ఆరు తక్కువ.
మూడోది పందొమ్మిది.
కట్ట ఇంకా చాలా లావుంది.
దారం మళ్ళీ చుట్టేశా, ఈ పూటకి చాలని.

ఆ రాత్రి వాన పెట్టుకోలా.
మజ్జిగ గిన్నెలో చేతులు ముంచి గచ్చు మీద కూర్చున్నా.
ఫ్యాను కిర్రు కిందనించి మాస్టారు వచ్చాడు,
రోజూ వచ్చేవాడే, మొహం కూడా అరిగిపోయింది.
అలవాటుగా సున్నా చుట్టాడు.
నేను మజ్జిగ వేలితో
దాని ఎడంపక్కన ఒక గీత గీశా.

పది.

మే నెల కదా,
చూస్తుండగానే ఆరిపోయింది.
వేలు మళ్ళీ ముంచా.