తలా పిడికెడు

ఆ గది గోడల నిండా నీలం నురగ మొనలు.
అరిస్తే అరుపు తిరిగి రాదు.
మధ్యలో కర్రబల్ల, దాని మీద ఒక పెట్టె,
సౌనా పొయ్యిని వెలిగించి ఆర్పే పెట్టె, మా కంపెనీది.
బల్ల తిరుగుతుంది నెమ్మదిగా,
పది మీటర్ల అవతల యాంటెన్నా
చేపముల్లులా నిలబడి వింటుంది.

తెర మీద ఎర్రగీత. దాటకూడదు.
లోపలి గడియారం సెకనుకి
రెండు కోట్ల నలభై లక్షల సార్లు కొట్టుకుంటుంది,
ఒక్కసారీ తడబడదు.
అదే దాని నేరం.
తడబడనిదంతా ఒకేచోట పోగుపడుతుంది.
తొమ్మిదో రెట్టు దగ్గర
సూదిలా లేచిందొక మొన,
గీతకి నాలుగు డెసిబెల్స్ పైన.

రాగిరేకు కప్పుదామన్నాడు వేయో.
పెట్టెకి రెండు యూరోలు ఖర్చు.
బోర్డు మళ్ళీ గీస్తే రెండు నెలలు.
శుక్రవారానికి సరుకు కదలాలి.
నేను ఒక్క బిట్ మార్చాను,
సున్నాని ఒకటి చేశాను.

గడియారం కాస్త తాగినట్టు నడవడం మొదలెట్టింది.
అర శాతం వెనక్కి జారి, మళ్ళీ తేరుకుని,
సెకనుకి ముప్ఫై వేల ఊగులు.
సూది కరిగి
బల్లపరుపు అరుగైంది,
గీతకి అయిదు డెసిబెల్స్ కింద.
వేయో చప్పట్లు కొట్టాడు.
నురగ ఆ చప్పట్లనీ మింగేసింది.

తగ్గిందేమీ లేదు.
పోయేదంతా పోతూనే ఉంది బయటికి.
ఒకరి నెత్తిన పడాల్సిన రాయిని
పిండికొట్టి ఊరంతా చల్లాం.
తిలాపాపం తలా పిడికెడు.
రిపోర్టులో మాత్రం
'ఉత్తీర్ణం' అని రాసి సంతకం పెట్టాను.

అక్టోబర్లో కుస్తావి దీవులకి వెళ్ళాను,
మేనత్త హిల్కా ఇంటికి.
ఆ పెట్టె ఆవిడకి నేనిచ్చిన కానుకే.
పడవ అమ్మేసి ఆరేళ్ళయినా
రాత్రి ఎనిమిదికి సముద్రపు వాతావరణం వినందే
కంచం ముట్టదు.
"శనివారాలు రేడియోలో
ఎవరో ఇసక పోస్తున్నారే" అంది.

కాగితం అక్కర్లేదు, ఇరవై నాలుగు నాలుగులు తొంభై ఆరు.
సూదిగా ఉన్నన్నాళ్ళూ
తొంభై ఆరు మీదే గుచ్చుకుని, ఎవరి జోలికీ పోయేది కాదు.
అత్త స్టేషన్ తొంభై అయిదు పాయింట్ ఎనిమిది.
ఇప్పుడా అరుగు
దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"పెట్టెకి సర్టిఫికెట్ ఉంది అత్తా."
"సర్టిఫికెట్ ఉన్న ఇసకా?"

ఆరింటికి వెలిగించి ఎనిమిదికి ఆరేలా పెడుతుంది,
వార్త మొదలయ్యేసరికి పెట్టె నిద్రపోవాలని.
కానీ తాగిన గడియారానికి
రెండు గంటలంటే రెండు గంటల పద్దెనిమిది సెకన్లు.
ఆ లెక్క నాకు తెలుసు.
పొయ్యికి అదేం పెద్ద విషయం కాదని
నేనే రాశాను ఎక్కడో.

ఎనిమిది. తువ్వాళ్ళు చుట్టుకుని మెట్ల మీద కూర్చున్నాం,
భుజాల నుంచి ఆవిరి లేస్తోంది.
కిటికీలో రేడియో
ఇసక నములుతోంది.
అత్త చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దంది.
లోపల టక్కుమంది.
ఇసక ఆగి, స్త్రీ గొంతు తేటగా:
"...నైరుతి గాలి, ఏడు. చూపు మేర, మంచిది."

వరసలో మొదటి దీవి
అత్త నలభై ఏళ్ళు వల వేసిన నీళ్ళది.
రెండో పేరు నుంచే వినపడింది మాకు.
ఆవిడ చెయ్యి దించి తడి జుట్టు పిండుకుంది.
నేను మెట్టు మీద గోరుతో గీస్తూ కూర్చున్నాను,
సున్నా, ఒకటి, సున్నా.