నాలుగింటి టపా

బెండిగోలో జూలై చలి, తెల్లవారుజాము నాలుగు.
నేను బాగుచేసే ట్రాములు షెడ్డులో పడుకున్నాయి.
వెనకగదిలో మోడెమ్
నిద్రలో పళ్లు నూరే పిల్లాడిలా
కీచుమని, బుసకొట్టి, కుదుటపడుతుంది.

ఈ గంట మనుషులది కాదు.
ఎంత కబురున్నా ఎవరూ ఫోను ముట్టకూడదు.
పద్దెనిమిది ఇళ్లలో పద్దెనిమిది పెట్టెలు
ఒకదాన్నొకటి పిలుచుకునే గంట.
కాసిల్‌మేన్‌లో పావురాలు పెంచేవాడి జాబు నా దగ్గరికి,
నా నుంచి గ్లెనిస్ ట్రెగియర్ ఇంటికి,
అక్కణ్ణించి మెల్‌బోర్న్‌కి, ఆ పైన సముద్రం అవతలికి.
ట్రంకు కాల్ ఖర్చు తలా నాలుగు డాలర్లు,
గ్లెనిస్ వంటింట్లో బిస్కెట్ల డబ్బాలో.

ఇక్కడ నా ఇంటిపేరు ఒక అంకె.
ముందు ఖండం, తర్వాత జిల్లా, చివర నేను.
ఆ అంకె ఇచ్చేది గ్లెనిస్, కొట్టేసేదీ గ్లెనిస్.
ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తీగలు గుచ్చిన చెయ్యి.
"నీకెవరు ఓటేశారు?" అని డారిల్ కౌచ్ నిలదీశాడొకసారి,
అందరూ చదివేలా, పెద్దక్షరాల్లో.
"ఎవరూ వెయ్యలేదు.
ఈ పని నాకొద్దని మీరంతా అన్నారు, అందుకని చేస్తున్నాను."

నియమావళి ముప్పై పేజీలు. పూర్తిగా చదివింది ముగ్గురు.
కొత్తగా చేరినవాళ్లకి ఆవిడ చెప్పేది రెండే ముక్కలు:
పక్కవాడి ఓపిక నీ సొంత సొమ్మనుకోకు.
నీ కోపాన్ని మరీ చవగ్గా అమ్ముకోకు.

రైళ్ల గోష్ఠికి పెద్ద బ్రైస్.
పద్నాలుగేళ్లవాడని మాకు చాలాకాలం తెలీదు.
వాడు "ఇక చాలు" అంటే
అరవై దాటిన వకీలు సైతం వాదం మధ్యలో ఆగిపోయేవాడు.
తెలిశాక కూడా ఆగేవాడు.

ఆ చలికాలమే పద్నాలుగో నంబరు పలకడం మానేసింది.
ఈగల్‌హాక్‌లో నెవిన్ ఓపీ ఇల్లు.
ఒక రాత్రి, రెండు, మూడు.
మూడు రాత్రులు టపా గంట తప్పితే పట్టికలోంచి తీసేయాలి.
పేజీ నంబరుతో సహా ఎత్తి చూపాడు డారిల్.
నిజం చెప్పొద్దూ, నేనూ తలూపాను.
నా జాబులు కూడా అక్కడే ఇరుక్కున్నాయి మరి.

గ్లెనిస్ జవాబు రాయలేదు.
గురువారం కారేసుకుని ఈగల్‌హాక్ వెళ్లింది.
తలుపు తీసే ఉందట.
నెవిన్ కుర్చీలో, ఒడిలో ఫోను, కాళ్ల దగ్గర
తీగ ఊడదీసిన మోడెమ్.
లోరిస్‌ని మెల్‌బోర్న్ ఆస్పత్రిలో చేర్చి అప్పటికి ఐదు రోజులు.
"వాళ్లు ఏ వేళప్పుడు చేస్తారో.
ఎంగేజ్ రాకూడదు కదా," అన్నాడట.

పట్టికలో నంబరు పక్కన రాయడానికి ఆవిడకున్నవి రెండు మాటలు:
"పోయింది", "ఆగింది".
శుక్రవారం పట్టిక వచ్చింది.
పద్నాలుగు, ఈగల్‌హాక్, ఓపీ: ఆగింది.
కారణం రాయలేదు. రాయాలని ఏ పేజీలోనూ లేదు.
డారిల్ ఫిర్యాదు చేశాడు, పైవాళ్లకి.
పైవాళ్లు చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారు.
ఇంతలో పద్నాలుగుకి రావాల్సిన టపా అంతా
ఎవరి పెట్టెలోనో భద్రంగా పోగవుతోంది.
అది డారిల్‌దే అని తర్వాతెప్పుడో తెలిసింది.
అడిగితే, డిస్కులో చోటుంది, అన్నాడు.

పదకొండు శుక్రవారాలు ఆ మాట అలాగే ఉంది.
పన్నెండో పట్టికలో లేదు.
ఆ సోమవారం నాలుగూ ఐదు నిమిషాలకి
నా పెట్టె ఉలిక్కిపడింది:
పద్నాలుగు పిలుస్తోంది.

రెండు వందల జాబులు దిగాయి అటు, ఒక్కటి ఎక్కింది ఇటు.
లోరిస్ ఊసు లేదు అందులో.
రైళ్ల గోష్ఠికి ఒక ప్రశ్న:
పాత ట్రాము బ్రేకు, వానలో ఎందుకు జారుతుంది?

అది నాకు తెలిసిన సంగతే.
టీ పెట్టుకుని,
నాలుగు పేరాలు రాశాను.