మూడో వారం

జక్రయ్య గెలుస్తాడా అని
అరండల్‌పేట టీ కొట్టు దగ్గర పందేలు.
అతని మీద పావలా పలకడం లేదు.

నలభై ఒకటి నిండాయి మరి.
మొదటి వారం కుర్రాళ్ళది, ఒప్పుకుంటా.
రెండోది ఎదురుగాలిది.

నిన్న కొండవీడు ఘాట్‌లో
స్పేరు చక్రం భుజానేసుకుని
బండి మీద వెనకే ఉన్నాను.
ఆరో మలుపులో
అందరూ లేచి నిలబడి తొక్కారు.
అతను సీటు వదల్లేదు.
కల్లంలో మిర్చి ఆరబోసినవాడు
మబ్బును చూసినట్టు
వాళ్ళ మడమలనే చూస్తున్నాడు.

మోకాలు టక్కుమంది.
ఇంజను మోతలోనూ నాకు వినబడింది.
అతనికి వినబడకుండా ఉంటుందా?
గేరు మార్చాడు, అంతే.

మూడో వారం ఎవరిదో
ఇంకా ఎవరూ చెప్పలేదు.
ఐదొందలు రాసుకో, బాజీ.
టీ డబ్బులు మాత్రం
రేపిస్తా.