మైనస్ పద్దెనిమిది

పగలంతా కోల్డ్ స్టోరేజీలో
మిర్చి బస్తాలకు నంబర్లు వేస్తాను.
ఏ రైతుది, ఏ గదిలో, ఏ వరసలో,
ఎప్పుడొచ్చింది, ఎప్పుడు బయటికెళ్ళింది.
సాయంత్రం చొక్కా దులుపుకుని
గుంటూరు పెద్దాసుపత్రి ఎదురు సందులో మెట్లెక్కుతుంటే
నాకంటే ముందు నా తుమ్ము వెళ్ళి తలుపు తడుతుంది.
"వచ్చాడు లెక్కలాయన" అంటుంది సైదాబీ
ఉల్లిపాయల గుట్ట వెనకనుంచి.

రోగికి ఆసుపత్రి అన్నం పెడుతుంది.
రోగి మంచం పక్కన నేల మీద కూర్చున్నవాళ్ళకి
ఎవరు పెడతారని
పద్నాలుగేళ్ళ కిందట ఎవరికో తోచింది.
అప్పట్నుంచీ ఈ పొయ్యి ఆరలేదు.

కొత్త గ్యాసు పొయ్యిలు ఇస్తామన్నవాళ్ళు
ఒక కాగితం అడిగారు:
ఎంతమంది చేస్తారు, ఎన్ని గంటలు.
ప్రసూనాంబ టీచరుగారు
సాంబారు మరకల రిజిస్టరు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

చిన్న డేటాబేస్, మూడు పట్టికలు చాలనుకున్నాను.
మనుషులు. పనులు. గంటలు.
ఫోను నంబరే ఆనవాలు అనుకుంటే
ఏసుపాదానికీ వాళ్ళావిడ కరుణమ్మకీ ఒకటే ఫోను.
పేరే ఆనవాలు అనుకుంటే
మస్తానమ్మలు ముగ్గురు:
గోరంట్ల మస్తానమ్మ, కళ్ళజోడు మస్తానమ్మ,
ఉత్త మస్తానమ్మ.
బస్తా అయితే రంగుతో నంబరు రాసేవాణ్ణి.
చివరికి మిషన్నే ఇచ్చుకోమన్నాను,
ఉత్త మస్తానమ్మకి పదిహేడొచ్చింది.
"నా పెళ్ళయిందీ పదిహేడో తారీకే" అని మురిసిపోయింది.

పనుల దగ్గర ఇంకో చిక్కు.
బియ్యం ఏరడం, కూరలు తరగడం, వడ్డన, అంట్లు,
ఇవన్నీ పనులే.
మూడో అంతస్తు మెట్ల మీద
వినుకొండ నుంచి వచ్చిన ముసలాయన పక్కన
పున్నయ్య ఏమీ మాట్లాడకుండా కూర్చుంటాడే,
దాన్ని ఏ గడిలో వేయను?
'ఇతరములు' అని కొట్టి,
చెరిపేసి,
'కూర్చోవడం' అని రాశాను.

నెల లెక్కంతా ఎక్కించి
ఆదివారం రాత్రి కూడిక నొక్కాను.
సైదాబీ నూట నాలుగు. కళ్ళజోడు మస్తానమ్మ అరవై రెండు.
ఏసుపాదం
మైనస్ నాలుగొందల అరవై ఎనిమిది.

రాత్రి పదింటికి టీ క్యానుతో వార్డులన్నీ తిరిగి,
తెల్లారగట్ల నాలుగింటికి
ఉప్మాకి ఎసరు పెట్టి ఇంటికెళ్తాడు.
ఇరవై ఆరు రాత్రులు.
నాలుగులోంచి ఇరవై రెండు తీసేసింది మిషను.
అర్ధరాత్రి దాటితే ఇంకో రోజు మొదలవుతుందని
దానికి నేను చెప్పలేదు.

యార్డులో తరుగు తీస్తారు, క్వింటాలుకి ఇంతని.
తరుగు, కూలి, గది అద్దె, పాత అప్పు,
తీసీ తీసీ ఒక్కోసారి
సరుకు తెచ్చిన రైతే బాకీ పడి వెళ్తాడు.
ఆ కాగితాలు నేనే రాశాను,
అడుగున మైనస్ గుర్తు నా చేత్తోనే పెట్టాను.
అప్పుడెప్పుడూ
ఇలా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళలేదు.

దిద్దడం ఒక్క లైను పని.
రోజు దాటితే ఇరవై నాలుగు కలపమన్నాను.
నూట యాభై ఆరు వచ్చింది.

పొద్దున్నే నవ్వుతూ చెప్పాను ఏసుపాదానికి.
ఆయన నవ్వలేదు.
క్యాను మూత తిప్పుతూ
"మా పెద్దోడు లోపలున్నప్పుడు
నలభై రోజులు ఇక్కడే తిన్నాం బాబూ.
అది తప్పు చెప్పలా" అన్నాడు.

పెద్దోడు ఏమయ్యాడని
అడగడానికి నాకు నోరు రాలేదు.
సైదాబీకి వచ్చింది, ఇంకో రకంగా:
"నువ్వు తిన్నది నేను వండింది.
బాకీ అయితే నాకుండాలి, దానికెందుకు?
పో, పంచదార తే."

కాగితం పంపించాం.
అందులో 'కూర్చోవడం' దగ్గర
పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపారు.
టీచరుగారు ఆ ప్రశ్నార్థకాన్ని
చీర కొంగుతో కాదు, రబ్బరుతోనే,
బడిలో తుడిచినంత ఓపిగ్గా తుడిచి
మళ్ళీ పంపారు.

పొయ్యిలింకా రాలేదు.
రిజిస్టరు పారేద్దామంటే ఒప్పుకోరావిడ.
కరెంటు పోతే ఏం చేస్తావంటారు.
వెనక పేజీల్లో ఇప్పుడు పాల లెక్క నడుస్తోంది.