కొమురవ్వ చిప్పలు

చింతగింజలు మూడు రాత్రులు నానినయి.
పొట్టు ఒలిచి, నూరి, సన్నటి మంట మీద కలుపుకుంట
లెక్క వేసుకున్న: పదకొండేండ్లు.

పదకొండేండ్ల సంది భద్రకాళి గుడి తొవ్వల
కొమురవ్వ నాకు కొబ్బరి చిప్పలు ఏరి పెడుతున్నది.
పగుళ్లు లేనివి, అంచు చిట్లనివి,
ఉల్లిగడ్డ సంచిల కట్టి బల్ల కింద దాస్తది.
పైసలిస్తే నా పిడికిలి మూసి
"పైసలు కాయకు గదా, చిప్పకేంది" అంటది.

ములుగు రోడ్డు కోతమిల్లు నుంచి
టేకు పొట్టు తెచ్చి జల్లెడ పట్టిన.
గౌడు మొఖం, గౌడమ్మ మొఖం
కండ్లు మూసుకొని చేసే చేతులు
ఈ ఒక్క మొఖం కాడ ఆగిపోయినయి.
కొమురవ్వను ఎన్నడన్న సక్కగ చూసిన్నా నేను?
సంచిని చూసిన. చిప్పలు లెక్కవెట్టుకున్న.

శుక్రవారం పోయి పూలబండి చాటున నిలబడ్డ.
బేరం ఆడేటప్పుడు ఎడమ కనుబొమ్మ లేస్తది.
బోణీ కాకముందు పెదవులు కనపడయి.
ముక్కుకు పుల్ల లేదు,
పుల్ల ఉన్న తొర్ర ఉన్నది,
పూడకుంట అండ్ల చీపురుపుల్ల ముక్క.

పొట్టు, జిగురు పిసికి ముక్కు ఎక్కించిన, దించిన,
మళ్ల ఎక్కించిన.
రెండు ఎండలు ఆరినంక సుద్ద పూసిన, పసుపు వేసిన,
ఉడుత వెంట్రుకల కుంచెతోని కనుబొమ్మ లేపిన.
బంగారు రంగు డబ్బా మూత తీసి
చాన సేపు పట్టుకొని కూసున్న.
ఎవల ముక్కుపుల్ల ఎవలు ఇడిపిస్తరు?
మూత పెట్టిన.
చీపురుపుల్లనే గీసిన.

ఇయ్యాల ఇచ్చిన.
పేపరు విప్పి, మొఖం దిక్కు చూడనే లేదు,
ఎనుకకు తిప్పింది.
రంగు అంటని లోపలి చిప్పను బొటనేలితో రాసి
"కోనసీమ కాయ. శ్రావణంల వచ్చిన లోడు" అన్నది.
అప్పుడు ఇటు తిప్పింది.
ఎడమ కనుబొమ్మ లేసింది.
"గీ పుల్ల గూడ గీస్తివా?"
తన ముక్కు కాదు, బొమ్మ ముక్కు తడిమింది.

ఎనుకట్నుంచి ఎవలో రెండు కాయలియ్యుమన్నరు.
చెయ్యి అలవాటు,
ఆ నుదురు మీదనే టక్కున కొట్టి
చెవి కాడ పెట్టుకున్నది.
"నీళ్లున్నయ్" అన్నది.

నవ్విందో లేదో, అటు తిరిగే ఉన్నది.
"పోయేటప్పుడు బల్ల కింద సంచి మర్వకు."