రైట్ చెప్పే ముందు

పొద్దటి సంది రెండు వందలసార్లు అంట ఆ మాట.
రైట్, రైట్.
మెహదీపట్నంల అంట, మాసబ్ ట్యాంక్ కాడ అంట,
లక్డీకాపూల్‌కొచ్చేసరికి గొంతు పోయినా అంట.
బస్సు కదుల్తది.

నిన్న దవాఖాన్ల ఫర్హీన్ మేడం
కాయితం నా దిక్కు తిప్పి, పెన్ను మూత తీసి పెట్టి
"తొందర లేదు చంద్రకళా, ఆలోచించుకో" అన్నది.
ఆ ఒక్క మాటే నాలిక మీద తిరిగింది.
బయటికి రాలే.

నూట పద్దెనిమిది కిలోలు.
అది మిషన్ చెప్పిన లెక్క.
నేనైతే బస్సుతోని కొలుసుకుంట.
రెండు సీట్ల నడుమ సందు ఎంతో నా తుంట్లకెరుక,
రెండు దిక్కులా కమిలిన గుర్తులున్నయి.
"జర జరుగున్రి, జరుగున్రి" అనుకుంటనే
ముందటి డోరు నుంచి వెనక డోరు దాక పోత.
"జరగాల్సింది నువ్వే ఆంటీ" అన్నడొక పిలగాడు.
అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన.
వాని చిల్లర వానికిచ్చిన, సరిగ్గ ఎంచి.

తిండి తగ్గియ్యలేదా అంటరు.
తగ్గిచ్చిన. జొన్నరొట్టె, ఉడకబెట్టిన సొరకాయ,
మెంతుల నీళ్ళు, పక్కింటామె అమ్మిన డబ్బాల పొడి.
పదకొండు కిలోలు పోయినయి.
పద్నాలుగు తిరిగొచ్చినయి,
చుట్టాలను ఎంటేసుకొని.

కుల్సుం ఆపా రెండేండ్ల కింద చేయించుకున్నది.
టోలీచౌకిల వాళ్ళింటికి పోతే
గాజులు మోచేతి దాక జారుతున్నయి.
షుగర్ గోలీలు బందయినయంట,
మూడంతస్తులు ఆగకుండ ఎక్కుతదంట, కసమేసి చెప్పింది.
జడ ఏమైంది ఆపా అంటే
దువ్వెన తెచ్చి సూపెట్టింది.
మేనకోడలి వలీమాల నాలుగు ముద్దలు తిని
బిర్యానీ ముందట కూసొని ఏడ్చిందంట.
ఆకలై కాదు.
ఆకలి కాలేదని.
"మరి నన్ను చేయించుకోమంటవా?"
చాయ్ ఒక గుక్క తాగి, ఆగి, ఇంకో గుక్క తాగి
"నేను చేయించుకున్న. నాకు తెలిసింది అంతే" అన్నది.

ఐలేశ్ ఏమో "కోసుడెందుకు, నోరు కట్టుకుంటే పోదా" అంటడు.
ఐతారం మటన్ల మూలుగబొక్క నా పళ్ళెంలనే ఏస్తడు,
ప్రేమతోనే.
బిడ్డ ఏమనదు.
రాత్రి నా గురక ఇనుకుంట పంటది.
గురక ఉన్నంతసేపు దానికి నిద్ర,
ఆగిందా, చీకట్ల లేచి నా ముక్కు కాడ చెయ్యి పెట్టి సూస్తది.
పన్నెండేండ్ల పిల్ల.
ఆ చెయ్యి యాదికొస్తే మాత్రం
ఇప్పుడే సంతకం పెట్టాలనిపిస్తది.

పక్క రూముల ఇంకో డాక్టరమ్మ, చిన్నపిల్లలెక్కుంటది,
"ఎప్పుడెప్పుడు తింటరు మీరు?" అనడిగింది.
ఆకలైనప్పుడు అని చెప్పొచ్చిన.
అబద్ధం.
డ్యూటీ దిగి, క్యాష్ కట్టి,
రూపాయి తక్కువొస్తే మాటపడి,
డిపో గేటు ముందట మిర్చిబజ్జీ బండి కాడ నిలవడి తింట.
నాకు నేనిచ్చుకునే జీతం అది.
ఫర్హీన్ మేడం బొమ్మ గీసి సూపిచ్చింది.
కడుపు కోసి, కుట్టి, అరటికాయంత చేస్తరంట.
మరి గేటు కాడ వాటంతటవే ఆగే కాళ్ళను
ఏం చేస్తరో ఆ బొమ్మల లేదు.

ఇయ్యాల ఖైరతాబాద్ కాడ బస్సు నిండ జనం,
డ్రైవరన్న అద్దంల నా మొఖమే సూస్తున్నడు.
ఇరవై రెండేండ్లల్ల నేర్చుకున్నదొక్కటే.
రైట్ చెప్పే ముందు ఫుట్‌బోర్డు సూడాలె,
ఎవలదన్న ఒక కాలు ఇంక రోడ్డు మీదనే ఉన్నదేమో అని.

"హోల్డాన్" అన్న.
ఒక ముసలాయన ఎక్కిండు, ఆయాసపడుకుంట.
కమ్మి వట్టుకున్నంక అన్న ఆ మాట.

కాయితం టికెట్ల సంచిలనే ఉన్నది, నాలుగు మడతలల్ల.
బేస్తారం మళ్ళొస్తనని
ఆ చిన్న డాక్టరమ్మకు ఫోన్ చేసిన.
ముందుగాల
మిర్చిబజ్జీ సంగతి చెప్పాలె.