చూడ్డానికి

పాస్‌పోర్టు అడిగితే
నర్సరీ బడి మేడం ఫోన్ బోర్లించి నన్ను చూసింది.
అక్కడ మీవాళ్లెవరున్నారు?
ఎవరూ లేరు మేడం.
పనేమైనా దొరికిందా?
లేదు మేడం.
మరెందుకు?

చూడ్డానికి.

ఆ మాటకి నా దగ్గర అరబ్బీ లేదు.
ఏడేళ్లలో అవసరం పడలేదు.
రెండు వేళ్లు కళ్లకి ఆనించి
గాల్లోకి చూపించాను,
ఎవరి మీదో చాడీ చెబుతున్నట్టు.

షార్జాలో, రోలా వెనక సందులో
ఆరు మంచాల గది. పై మంచం నాది.
పాలపొడి డబ్బాలో పదకొండు నెలల చిల్లర.
కింది మంచం ఎస్తేరు రాణి లెక్కేసి చెప్పింది:
ఇంకాస్త వేస్తే అరకాసు బంగారం వచ్చునే పిచ్చిదానా,
మెడలో ఉంటే మెరుస్తుంది,
చూసొచ్చింది ఎక్కడ తాకట్టు పెడతావ్?

చవక విమానంలో ఏడు కేజీలే.
కింద కుంజుమోన్ చేపల త్రాసు మీద తూచాను సంచి.
మూడొందల గ్రాములు ఎక్కువ.
ఒక చీర తీసేశాను, పులిహోర తియ్యలేదు.
తిబిలిసి వీధుల్లో మూడు రోజులూ
నా సంచి వెనక పిల్లులు.

ఆ ఊరు యూరప్పో కాదో
ఊళ్లోవాళ్లకే తేలలేదంట.
నాకేం, పాతది. రాళ్లు అరిగిపోయున్నాయి.
ఎయిర్‌పోర్టులో ఆఫీసరు నా డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి
ఒక్కదానివేనా అన్నాడు.
ఒక్కదాన్నే.
హోటలంటే హోటల్ కాదు, ఎనిమిది మంచాలు.
అక్కడా నాకు పై మంచమే ఇచ్చారు.

కొండెక్కడానికి తీగ మీద పోయే పెట్టె ఉంది, దానికి టికెట్టు.
మెట్లకి లేదు.
గుడిలో కూర్చుంటే డబ్బులడగలేదు,
సన్న కొవ్వొత్తి ఒక్క లారీ.
వెలిగించాక ఎవరి పేరు చెప్పాలో తోచక
మా బడి వాచ్‌మన్ దావూద్ మోకాళ్ల కోసం అడిగాను.
పులిహోర రెండోరోజు రాత్రికి పులిసింది.
ఆ తర్వాత రొట్టె. పడవంత రొట్టె.
బావిలాంటి పొయ్యిలో గోడకి కొట్టి కాలుస్తారు,
చేతులు కాలుతుంటే తిన్నాను.

మూడో రోజు, ఒక చెక్క వరండా ముందు
ముసలామె రగ్గు ఉతుక్కుని పిండలేక నిలబడింది.
సెలవులో ఉన్నావే, అనుకున్నాను.
అనుకుంటూనే అవతలి కొస పట్టేసుకున్నాను.
ఆవిడ అటు, నేను ఇటు మెలేశాం.
నీళ్లు రాళ్ల సందుల్లో పడి కిందికి పోయాయి,
మన కాలవలకి తొందర తెలిసినట్టే వాటికీ తెలుసు.
ఆవిడ ఏదో అంది. నేను షుక్రన్ అన్నాను,
తెలుగు రావాల్సిన చోట అరబ్బీ వచ్చింది.

లోపలికెళ్లి కుర్చీ తెచ్చింది.
వీధి వైపు తిప్పి వేసింది.
భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి
ఎదురుగా ఉన్నదంతా చేత్తో చూపించింది:
మేడలు, నది, ఎండేసిన బట్టలు,
కొండ కొసన విరిగిన కోట.
చూడు, అన్నట్టు.

ఎంతసేపు కూర్చున్నానో.
ఎవరూ పిలవలేదు.

నా ఫొటో ఒక్కటీ లేదు, తీసేవాళ్లెవరు.
రాళ్ల మీద నీడ ఒకటి పడింది, అంతే.

వచ్చిన రాత్రి ఏసీ గర్‌ర్‌మంటుంటే
డబ్బా కడిగి కిటికీలో బోర్లించాను.
పొద్దున్నే బడి, ముప్పై నాలుగు చిన్న బాత్రూములు.
దుప్పటి ముసుగులోంచి ఎస్తేరు రాణి అడిగింది:
ఇంతకీ ఆ కుర్చీ ఎలాగుంది?
చెక్కది. ఒక కాలు పొట్టి.
ఊగుతుందా?
కొంచెం.

ఇంకేమీ అనలేదు. నిద్రపోయిందనుకున్నాను.
కాసేపటికి చీకట్లో
డబ్బా తిప్పి పెట్టిన చప్పుడు,
తర్వాత దాని అడుగున
ఒక బిళ్ల పడ్డ చప్పుడు.